పల్లకిలో పసిడిరెక్క

ఊర్ధ్వజటి అనే మాంత్రికుడి గుహను గురించి కేదారపురి రాజ్యంలో పిల్లా పెద్దా కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. లోపల పాతాళం దాకా మెట్లున్నాయట, గోడలకు తాపిన పుర్రెలు ఒకదానితో ఒకటి కబుర్లాడతాయట, గడప దాటిన మనిషి గడ్డిపోచై పోతాడట! తీరా గడప దాటి చూస్తే ఏముంది? గబ్బిలాల కంపు. నాలుగు పగిలిన మూకుళ్ళు. ఒక మూల దండెం మీద ఆరేసిన కాషాయ కౌపీనం. ఇదీ మహామాంత్రికుడి వైభోగం!

అయితే గుహ నడుమనున్న మడుగును మాత్రం తీసిపారెయ్యడానికి లేదు. పైకప్పు నెర్రెల్లోంచి దిగిన ఉదయకిరణాలు ఆ నీటిలో ఏడు వన్నెలుగా విరిగి పడుతున్నాయి. చుట్టూ చలువరాతి చట్టు, చట్టు అంచున పచ్చపట్టులాంటి నాచు, నాచు మీద మంచిముత్యాల్లా నీటి తుంపర. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు, అంత తేట. ఆ తేటలో, ఒడ్డుకు మూరెడు దూరంలో, మూడు జానల పొడవున ఒక చేప కదలకుండా నిలబడి ఉంది. పొలుసు పొలుసుకూ రాగి మెరుపు. వెన్ను మీది రెక్కకు పసిడి అంచు. పొట్ట నిండా గుడ్లు.

చట్టు మీద బోర్లా పడుకుని ఇద్దరు మనుషులు దాన్నే చూస్తున్నారు. ఒకడు మాచన. పాలవేణి ఏటి ఆనకట్టకు తాతల నాటి నుంచీ నీరటి, అంటే తూములు ఎత్తేదీ దించేదీ వాడే. రెండో మనిషి వాడి అత్త నాంచారి. ఆనకట్ట దిగువన వలలేసుకుని బతికే బెస్తగూడెం ఆడది.

"తల్లీ!" అంది నాంచారి. మొగుడు పోయిన నాడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, చేపను చూసి కళ్ళొత్తుకుంది. "నా చిన్నతనంలో మా అయ్య వలలో ఇట్లాంటివి పడేవి అల్లుడా. గుడ్లున్నదాన్ని తిరిగి ఏట్లోనే వదిలేసేవాడు. నా కూతురు, అదే నీ పెళ్ళాం, ఇంత చేపను ఇంతవరకూ కళ్ళతో చూడలేదు."

"ఏడుపు తర్వాత అత్తా. మిట్టమధ్యాహ్నానికి దీన్ని ప్రాణంతో కొలతరాయి దగ్గర దించకపోతే మన మూడు రోజుల వెతుకులాటా గంగపాలే."

కొలతరాయి సంగతి ఎరగని వాళ్ళకు చెప్పాలి. ఆనకట్ట కట్టించిన నాటి రాజు, ఏటికెంత నీరు, కాలువలకెంత నీరు అని జనం తలలు పగలగొట్టుకోకుండా రాతి మీద ఒక శాసనం చెక్కించాడు. "పుష్కరమునకు ఒకమారు పాలవేణి పసిడిరెక్కను ప్రాణముతో తెచ్చి కొలతరాతి గూట నిలుపవలెను. దాని వీపు మునిగినంత నీరు ఏటిది. మిగిలినది కాలువలది." ఎంత ముచ్చటైన మాట! ఒక్క ముక్క మాత్రం మరిచాడు మహానుభావుడు. ఎంత చేపో చెక్కించలేదు. ఆ రోజుల్లో పసిడిరెక్క అంటేనే మూడు జానల చేప. పిల్లచేపను పట్టుకొచ్చి కొలిచే పెద్దమనుషులు పుడతారని ఆయన కలలోనైనా అనుకోలేదు పాపం.

పుట్టారు. ఒక పుష్కరంలో ఒక మంత్రి రెండు జానల చేపను తెచ్చాడు. వీపు మునగడానికి కొంచెం నీరే చాలింది. మిగిలిందంతా కాలువలకు పారింది, ఏరు సన్నబడింది. సన్నబడిన ఏట్లో చేప ఎదగలేదు. తర్వాతి పుష్కరానికి జానెడు చేపే దొరికింది. దానికి ఇంకా తక్కువ నీరు చాలింది. ఏరు తగ్గిన కొద్దీ చేప తగ్గడం, చేప తగ్గిన కొద్దీ ఏరు తగ్గడం! ఈ ఘనకార్యానికి ఒక్కొక్క మంత్రీ ఒక్కొక్క బిరుదు పుచ్చుకుని, గండపెండేరం తొడిగించుకుని ఊరేగాడు.

ఇప్పటి మహామంత్రి శుక్తిసేనుడు వాళ్ళందరినీ తలదన్నినవాడు. ఈసారి తమలపాకంత చేపపిల్లను వెండి డబ్బీలో సిద్ధం చేశాడు. ఏట్లో మిగిలిన ఒకే ఒక్క పెద్ద చేపను ముందే పట్టించి ఊర్ధ్వజటి మడుగులో దాయించాడు. చంపిస్తే సరిపోయేదిగా అంటారేమో. గుడ్లున్న పసిడిరెక్కను చంపినవాడి వంశం నిలవదని శాసనం చివర ఒక పంక్తి ఉంది. ఏటిని ఎండబెట్టడానికి వణకని చెయ్యి ఆ పంక్తి చదివి వణికింది. ఏం భక్తి, ఏం భయం!

ఈ మధ్యాహ్నం తమలపాకు చేపతో కొలత జరిగిందంటే ఇక పన్నెండేళ్ళు అంతే. ఆనకట్ట దిగువన ఇసకే మిగులుతుంది. ఈ తల్లిచేపకు గుడ్లు పెట్టే గులకరేవు ఉండదు, బెస్తగూడేనికి పొయ్యి రాజదు. అందుకే అత్తా అల్లుడూ ఈ కొండెక్కింది.

నాంచారి నడుముకు కొంగు బిగించి చడీచప్పుడూ లేకుండా మడుగులోకి జారింది. రెండు చేతులూ చేప పొట్ట కింద పెట్టి, పురిటిబిడ్డను ఎత్తినట్టు మెల్లిగా ఎత్తి, మాచన నీటిలో తెరిచి పట్టుకున్న తోలుతిత్తిలోకి నడిపించింది. చేప ఒక్కసారి తోకాడించి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే మడుగు అడుగున బండరాయి ఒకటి కళ్ళు తెరిచింది!

బండ కాదది, రాతిమొసలి. అగ్నిగుండాల్లాంటి కళ్ళు, రంపపుపళ్ళ నోరు, ముక్కుపుటాల్లోంచి గుప్పుగుప్పుమని నల్లటి పొగ. నీళ్ళు అతలాకుతలం చేస్తూ అది నాంచారి కాళ్ళ మీదికి దూకింది. మాచన చుట్టూ చూశాడు. కత్తి లేదు, కటారు లేదు. చేతికందింది దండెం మీది కౌపీనం ఒక్కటే. దాన్నే లాగి మొసలి మూతి మీదికి విసిరాడు. యజమాని వాసన ముక్కుకు తగిలిందో లేదో, ఆ భయంకర మకరం నోరు మూసుకుని, తోకాడించుకుంటూ, పెంపుడుకుక్కలా ఒక మూలకు పోయి కూర్చుంది.

"థూ, దీని మొహం మండా!" అంది నాంచారి ఒడ్డెక్కుతూ. "ఆయన మంత్రం కంటే ఆయన మురికికే మహిమ ఎక్కువున్నట్టుంది."

తిత్తిని ఆనపకాయ బుర్రలా వీపుకు కట్టుకుని మాచన పరుగందుకున్నాడు. గుహ నోట్లోంచి బయటపడ్డారో లేదో, వాగులో స్నానం చేసి, తడి జడలు విదిలించుకుంటూ ఎదురొచ్చాడు ఊర్ధ్వజటి. బొడ్డు దాకా గడ్డం, మెడలో ఎముకల దండ, నుదుట అరచేయంత కుంకుమ. చూడగానే సంగతి గ్రహించాడు.

"ఆగండి అల్పమానవులారా! భస్మమై పోతారు!"

"పోదాంలే, సాయంత్రం తీరిగ్గా వస్తాం," అని నాంచారి వాణ్ణి పక్కకు నెట్టేసి పరుగెత్తింది.

మాంత్రికుడి ఒళ్ళు మండిపోయింది. "హ్రాం హ్రీం" అంటూ పిడికెడు విభూతి గాలిలోకి చల్లాడు. విభూతి ఏడు సుడులు తిరిగింది. సుడి సుడికీ ఒక కొంగ పుట్టింది! ఆషామాషీ కొంగలా అవి? గునపాలంత ఇనపముక్కులు, చేటలంత రెక్కలు! సూర్యుణ్ణి కప్పేస్తూ వచ్చి తోలుతిత్తి మీద పడ్డాయి. కొంగకు చేప సంగతి ఒకరు నేర్పాలా?

మాచన రాళ్ళల్లో రప్పల్లో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఒక ముక్కు చెవి పక్క నుంచి పోయింది. ఇంకొకటి భుజం గీరుకుపోయింది. మూడోది టక్కున తిత్తిలో దిగింది! వెనక నుంచి వెచ్చగా నీళ్ళు కారుతుంటే మాచన ప్రాణాలు పైకే పోయాయి. చెయ్యి వెనక్కి తిప్పి చిల్లులో బొటనవేలు దూర్చాడు. ఆ వంకరభంగిమలోనే లోయ దాకా పరుగు. చూసే వాళ్ళెవరన్నా ఉంటే నవ్వి చచ్చేవాళ్ళు.

"వంగో అల్లుడా!" అని అరిచింది నాంచారి. మాచన వంగాడు. నడుముకు చుట్టుకున్న విసురువలను ఆమె విప్పి, ఒక్క చుట్టు తిప్పి, వాడి తల మీదుగా ఆకాశంలోకి విసిరింది. నలభై ఏళ్ళు ఏట్లో వలేసిన చెయ్యి! ఏడు కొంగలూ ఒక్క విసురుకే వలలో పడ్డాయి. నేలకు లాగి చూస్తే కొంగా లేదు, పాడూ లేదు. ఏడు ఎండు తాటాకులు.

"ఇదా వీడి ఇంద్రజాలం? పొయ్యిలోకి పనికొస్తాయి," అని వల దులుపుకుంది.

తిత్తిలో నీళ్ళు సగానికి పడిపోయాయి. చేప అడ్డంగా తిరుగుతూ రొప్పుతోంది. ఎలాగో కొండ దిగి బాట చేరేసరికి, అక్కడొక చలివేంద్రం. పందిరి కింద మోకాలెత్తు ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు. దాని పక్కనే పట్టుతెరల పల్లకి ఒకటి దించి ఉంది. నలుగురు బోయీలు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. పల్లకి మీద మహామంత్రి ముద్ర. ఆయనగారి అక్కను కొండ మీది ఆశ్రమంలో దించి, ఖాళీగా తిరిగిపోతున్నారు.

మాచన ఆ గంగాళం వంక చూశాడు, పల్లకి వంక చూశాడు. కోట ఉత్తరద్వారం దాటితేనే ఆనకట్ట. అక్కడ కావలివాళ్ళకు మంత్రి గట్టి ఆజ్ఞే ఇచ్చాడు. కుండతో గాని కడవతో గాని నీళ్ళు మోసుకొచ్చేవాణ్ణి ఎవణ్ణీ లోపలికి వదలొద్దని.

"అత్తా, నువ్వెప్పుడన్నా పురుడు పోశావా?"

"బెస్తగూడెంలో సగం మంది నా చేతిలో పడ్డవాళ్ళే. ఎందుకూ?"

"అయితే ఇవాళ ఇంకొకటి పోద్దువుగాని."

క్షణంలో చేప గంగాళంలోకి మారింది, గంగాళం పల్లకిలోకి ఎక్కింది, దాని మీద పల్లకిలోని పట్టుదుప్పటి పడింది. ఆ తర్వాత నాంచారి బోయీల నెత్తిన పిడుగులా పడింది.

"లేవండ్రా సోమరిపోతుల్లారా! మహామంత్రిగారి కోడలు దారిలో నొప్పులు పడి అల్లాడుతుంటే ఇక్కడ గుర్రుపెడతారా? మీ తోళ్ళు ఒలిపిస్తా!"

బోయీలు ఎక్కడి కోడలనీ అడగలేదు, ఎప్పుడొచ్చిందనీ అడగలేదు. మంత్రి పేరు చెబితే అడగడమనే అలవాటు ఆ రాజ్యంలో ఎప్పుడో పోయింది. పల్లకి ఎత్తి లగెత్తారు. మాచన వాళ్ళ తలపాగా ఒకటి చుట్టుకుని, చేతిలో బెత్తంతో ముందు పరుగెడుతూ "తప్పుకోండి, తప్పుకోండి" అని గొంతు చించుకున్నాడు.

ఉత్తరద్వారం ఆకాశాన్నంటేలా లేచి ఉంది. పంచలోహపు తలుపులు, తలుపులకు సింహముఖపు బొడిపెలు, బురుజుల మీద రెపరెపలాడే మకరధ్వజాలు. ఆ వైభవమంతటి కింద కుండలు తనిఖీ చేస్తూ నిలబడ్డాడు కావలినాయకుడు. పాపం, వీరాధివీరుడు! తొమ్మిది యుద్ధాలు చేసిన ఖడ్గంతో మంచినీళ్ళ కడవలు కెలుకుతున్నాడు.

"ఆపండి పల్లకి! లోపలెవరు?"

"మహామంత్రిగారి కోడలమ్మ," అన్నాడు మాచన. "నెలలు నిండాయి."

"మంత్రిగారి కోడలా? అయితే కానీ, ఆజ్ఞ ఆజ్ఞే. తెర తియ్యి."

నాంచారి తెరకు అడ్డంగా నిలబడింది. "తియ్యి నాయనా, తియ్యి. పురిటినొప్పులు పడే ఆడదాని మీద పరాయి మగాడి కళ్ళు పడనియ్యి. రేపు మంత్రిగారే నీ కళ్ళు పీకిస్తారు, నాకు ఆ శ్రమ తప్పుతుంది."

నాయకుడి చెయ్యి తెర దాకా వెళ్ళి ఆగింది. ఆ క్షణంలోనే లోపల చేప విసురుగా తోక కొట్టింది. గంగాళం తొణికి, పల్లకి అడుగు పలకల్లోంచి నీళ్ళు బొటబొటా కారి నాయకుడి పాదాల మీద పడ్డాయి.

మాచన బెత్తం జారవిడిచాడు. నాంచారి మాత్రం రెప్ప వెయ్యలేదు.

"అయ్యో అయ్యో, ఉమ్మనీరు పోయింది! ఇంకేం, ఇక్కడే, నీ కాళ్ళ దగ్గరే కాన్పు! ఏరా నాయకుడా, చూస్తావేం, ఖడ్గం కింద పడేసి వేడినీళ్ళు పట్టుకురా!"

నాయకుడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "తియ్యండి! తలుపులు తియ్యండి!" అని కేకపెట్టి, తానే ఒక రెక్క పట్టుకుని నెట్టాడు. పల్లకి లోపలికి దూసుకుపోయింది. వెనక వాళ్ళంతా చేతులు జోడించి దండాలు పెట్టారు. మాచన పుట్టి బుద్ధెరిగాక ఒక చేపకు ఇంతటి రాజలాంఛనం జరగడం ఇదే చూడటం.

ఆనకట్ట దిగువన కొలత ఉత్సవం దివ్యంగా సాగుతోంది. గట్టు మీద శ్వేతచ్ఛత్రం కింద రత్నసింహాసనం, సింహాసనం మీద విక్రాంతకేతు మహారాజు. ఆయన ముఖంలో అన్నీ ఉన్నాయి, ఆలోచన ఒక్కటే లేదు. ఇరువైపులా చామరాలు, వెనక వందిమాగధులు. ఒక ఆస్థానకవి పాలవేణిని క్షీరసముద్రంతో పోలుస్తూ గొంతెత్తి పద్యం చదువుతున్నాడు. ఆ క్షీరసముద్రంలో ఒక మేక చీలమండలు కూడా తడవకుండా అవతలి ఒడ్డుకు నడిచిపోతోంది. కవిగారు అటు చూడటం లేదు.

ఏటి నడుమ కొలతరాయి. దానిలో తొలిచిన గూడు. శుక్తిసేనుడు వెండి డబ్బీలోంచి తమలపాకు చేపను రెండు వేళ్ళతో తీసి గూట్లో వదిలాడు. అది అడుగుకు పోయి ఎక్కడుందో కనబడకుండా పోయింది.

"మునిగింది! నిండా మునిగింది! ఏటికి ఈ నీరే ఎక్కువ!" అని చేతులెత్తాడు. భేరీలు మోగాయి.

"ఆపండి!" అంటూ మాచన గంగాళం ఒకవైపు పట్టుకుని ఏట్లోకి దిగాడు. ఇంకోవైపు నాంచారి పట్టుకుంది. "ప్రభూ, నేను ఈ ఆనకట్ట నీరటిని. నీరటి లేని కొలత చెల్లదు. నాకు చెప్పకుండా ముహూర్తం పెట్టారు, అయినా వచ్చాను. ఏటి పసిడిరెక్కను తెచ్చాను."

జనమంతా చూస్తుండగా తల్లిచేపను గూట్లో దించారు. ఆ గూడు దాని కోసమే తొలిచింది. తలా తోకా అచ్చంగా సరిపోయాయి. మొప్పల దాకా నీళ్ళున్నాయి. వీపు మాత్రం నాలుగు వేళ్ళ మేర పైకి తేలి, పసిడి అంచు రెక్క ఎండలో ధగధగ మెరిసింది. గట్టు మీద ముసలివాళ్ళు కొందరు లేచి నిలబడి దండం పెట్టారు. వాళ్ళు చిన్నప్పుడు చూశారు దాన్ని.

శుక్తిసేనుడి ముఖం కందగడ్డయింది. అంతలో గుప్పున పొగ లేచి, పొగలోంచి ఊర్ధ్వజటి దిగాడు, కౌపీనం సగం తడిగానే. కళ్ళు ఉరిమి చూస్తూ గాలిలో వేళ్ళు తిప్పాడు. అంతే! అందరి కళ్ళ ముందూ పెద్ద చేప కుంచించుకుపోయి చింతాకంత అయింది.

"చూశారా ప్రభూ!" అన్నాడు మంత్రి. "ఏదో వెర్రివాడు, చింతాకు చేపను తెచ్చి మన కాలం వృథా చేశాడు."

"కళ్ళకు గంత కడతాడు గానీ, చేతికి కట్టగలడా?" అంది నాంచారి. "మహారాజా, తమరే దిగొచ్చి తడిమి చూసుకోండి."

రాజుగారికి ఇటువంటి వేడుకలంటే ఇష్టం. పట్టుపంచె పైకెగగట్టుకుని ఏట్లోకి దిగి, చింతాకు మీద చెయ్యి పెట్టాడు. ఆయన అరచేతి కింద మూడు జానల చేప ఒళ్ళు విరుచుకుంది. తోక లేచి రాజముఖం మీద ఛెళ్ళుమంది! కిరీటం ఎగిరి ఏట్లో పడింది.

"అబ్బా!" అన్నాడు విక్రాంతకేతు మహారాజు చెంప తడుముకుంటూ. "ఇది పెద్దదే!"

జనం గొల్లుమన్నారు. కనికట్టు చెదిరిపోయింది. నాలుగు వేళ్ళ పసిడి మళ్ళీ మెరిసింది. నిండు సభలో రాజు తన నోటితో చెప్పాక మంత్రి మాత్రం ఏం చేస్తాడు? శాసనం ప్రకారం వీపు మునిగేదాకా కాలువల తూములు దించి మూయాల్సిందే. నీరు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత, ఆ గీత పన్నెండేళ్ళు చెల్లుతుంది.

"సరే, దించు," అన్నాడు శుక్తిసేనుడు పళ్ళు నూరుతూ. "ఊళ్ళ కాలువ తూము దించు."

"ఏది ముందు దించాలో చెప్పేది నీరటి," అన్నాడు మాచన. "అదీ శాసనంలోనే ఉంది, తమరు ఆ పంక్తి కూడా చదివే ఉంటారు."

వాడు ఆనకట్ట మీదికి ఒక్క ఉదుటున ఎక్కి రాజుగారి జలమందిరం తూము చక్రం పట్టుకున్నాడు. చుట్టు చుట్టుకూ తలుపు దిగింది. ఉద్యానంలో నూట ఎనిమిది చిమ్ముడుబుగ్గలు ఒకటొకటిగా ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయాయి. కొలనులో రాజహంసలు బురదలో కూలబడి అరిచాయి. అంతఃపురం కిటికీల్లోంచి ఎవరో రాణిగారు శాపనార్థాలు పెడుతున్నారు. ఇంత నీరు ఇన్నాళ్ళూ హంసల కోసం పారిందా అని రైతులు నోరెళ్ళబెట్టారు. మాచనకు కడుపు నిండినంత పనైంది.

ఆనకట్ట మీదుగా నీరు పొర్లి ఏరు లేచింది. నాంచారి గూటి పక్క మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో కొలిచింది. ఆమె ముఖం వాడిపోయింది.

"రెండు వేళ్ళే మునిగింది అల్లుడా. ఇంకా రెండు వేళ్ళుంది. వీపు ఎండకు కాలుతోంది, ఎక్కువసేపు ఓర్చుకోలేదు."

ఇక మిగిలింది ఒక్కటే తూము. నలభై ఊళ్ళ కాలువ. అందులో మొదటి ఊరు మాచనది.

శుక్తిసేనుడు నవ్వాడు. "కానివ్వరా నీరటీ, ఆగావేం? మావి ఆపడం సరదాగానే ఉందిగా!"

గట్టు కింద నుంచి ఒక మనిషి పార భుజాన వేసుకుని పైకొచ్చాడు. మాచన అన్న భీమన. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచినవాడు. కాళ్ళకింకా నారుమడి బురద ఆరలేదు.

"మాచా, వద్దురా," అన్నాడు భీమన. "నారు పోసి తొమ్మిది రోజులైంది. ఇప్పుడు నీరు తగ్గితే సగం మడి మాడిపోతుంది. నీ పిల్లలు తినేదీ ఆ గింజలేరా."

"తెలుసన్నా. మొత్తం దించను, మూడోవంతే దించుతా. రోజు మార్చి రోజు వంతులు పెట్టుకుంటే మడులు బతుకుతాయి. వంతులు నేనే నిలబడి తిప్పుతా. కొంచెం ఎండుతుంది, అబద్ధం చెప్పను."

"ఒక చేప కోసమా?"

"ఇవాళ రెండు వేళ్ళు ఎగ్గొట్టామనుకో. మనకూ ఆ మంత్రికీ తేడా ఏమిటి? వచ్చే పుష్కరానికి వాడు ఇంకో డబ్బీ తెస్తాడు. ఆ పైన ఏరే ఉండదు. ఏరు లేని ఆనకట్టకు నీ కాలువ ఎక్కణ్ణుంచి పారుతుందన్నా?"

"ఆ పైన సంగతి నాకొద్దు! నాకు ఈ ఏడు కావాలి!" భీమన పార రెండు చేతులా పట్టుకున్నాడు. "చక్రం తిప్పావంటే నువ్వు నా తమ్ముడివి కాదు."

మాచనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న ముఖంలోకి ఒకసారి చూసి, చక్రం మీద రెండు చేతులూ వేశాడు. ఒక చుట్టు తిప్పాడు. తలుపు కిర్రుమని జానెడు దిగింది. కాలువలో పారే చప్పుడు తగ్గింది.

"ఒరేయ్!" అంటూ భీమన పార ఎత్తాడు. వాడి వెనక నలభై ఊళ్ళ రైతులు గునపాలతో, గొడ్డళ్ళతో గట్టెక్కుతున్నారు. మంత్రి కనుసైగ మీద బురుజు పైన విలుకాళ్ళు నారి సారించారు. ఇక తమ చెయ్యి పడనక్కర్లేదని తెలిసి బాణం మాత్రం వదల్లేదు.

ఏట్లోంచి నాంచారి కేక వినబడింది. "ఇంకొక్క వేలు అల్లుడా! ఒక్క వేలు!"

మాచన వీపు అన్నకిచ్చి, రెండో చుట్టుకు చక్రం మీద ఒరిగాడు.